ఒక ఆకు తక్కువైన తీగ

పోయిన వారం మా కింది ఇంటి అమ్మాయి తన పెళ్ళి జాకెట్టు చూపించడానికి పైకి వచ్చింది. పట్టు బట్ట, మోచేతుల దాకా మగ్గం పని. కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాను. చేతి అంచు చుట్టూ ఒక సన్నటి తీగ. జంట ఆకులు, మొగ్గ, జంట ఆకులు, మొగ్గ, ఆ తర్వాత ఒంటి ఆకు. దాని జత ఉండాల్సిన చోట ఉత్త బట్ట. మళ్ళీ మొదటి నుంచి అదే వరస.

"ఇక్కడ ఒక ఆకు మరిచిపోయిన్రు గదా బిడ్డా," అన్నాను. 

"లేదాంటీ, డిజైనే గట్లనంట. నేను గూడ అడిగిన. శాలిబండల ఓ పాత ఇంట్ల చేయించినం. ఎప్పటిసంది గంతే, ఆకు పెట్టం అన్నది ఆ ఇంటామె."

ఆ పిల్ల వెళ్ళిపోయాక కూడా నేను కిటికీ దగ్గరే నిలబడిపోయాను. పొయ్యి మీద పాలు పొంగి, మాడిన వాసన ఇల్లంతా పట్టేదాకా కదలలేదు.

ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు బళ్ళలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని నేను. టెన్సులు చెప్పడంలో నా అంతటిది లేదని తోటి టీచర్లు అనేవారు. గొప్పకు చెప్పడం కాదు, నిజంగానే బాగా చెప్పేదాన్ని. కానీ ఆ టెన్సులు నాకు ఏ బడీ నేర్పలేదు. శాలిబండలో ఒక మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని ఒకామె నేర్పింది. ఆమె మాత్రం ఏ బడిలోనూ టీచరు కాలేకపోయింది. దానికి కారణం నేను.

అప్పుడు మేము శాలిబండలో ఒక ఇరుకు సందులో ఉండేవాళ్ళం. బాపు బస్సు డిపోలో మెకానిక్కు. ఆయన గుమ్మం ఎక్కకముందే గ్రీజు వాసన ఇంట్లోకి వచ్చేది. పదో తరగతి అర్ధ సంవత్సరం పరీక్షల్లో నాకు ఇంగ్లీషులో నూటికి పదకొండు మార్కులు వచ్చాయి. బాపు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, కార్డు నా చేతికి ఇవ్వకుండా అట్లాగే పట్టుకున్నాడు.

"పెద్ద పరీక్షల గిట్ల ఫేలైతే సదువు బంద్. లాడ్ బజార్‌ల గాజులకు రాళ్ళు అతికే పనికి పో. మీ పెద్దమ్మ బిడ్డ పోతలేదా?"

అరిచి ఉంటే అంత భయపడకపోదును. అరవకుండా చెప్పాడు. మా పెద్దమ్మ బిడ్డ నాకన్నా రెండేళ్ళే పెద్దది. లక్క వేడికి కాలి కాలి ఆ అక్క వేళ్ళ కొసలు గట్టిపడి నున్నగా అయిపోయాయి. అన్నం కలిపేటప్పుడు వేడి తెలియదే నాకు అని నవ్వేది. ఆ నవ్వు తలుచుకుని రెండు రోజులు సరిగా తినలేదు నేను.

అమ్మ ఊరుకునే మనిషి కాదు. మా సందు చివర మగ్గం పని చేసే ఇల్లు ఒకటి ఉండేది. ఆ ఇంటి ఆడపిల్ల బయట అడుగు పెట్టకుండానే ప్రైవేటుగా పరీక్షలు కట్టి బీఏ పాసైందని గల్లీ అంతా చెప్పుకునేవాళ్ళు. చిన్నా పెద్దా అందరం ఆమెను అక్క అన్నట్టు ఆపా అనేవాళ్ళం. అమ్మ గిన్నెలో గోంగూర పచ్చడి పెట్టుకుని, నన్ను వెంటపెట్టుకుని పోయింది.

"జెర మా పిల్లకు ఇంగిలీషు చెప్పు ఆపా. నీకు పుణ్యముంటది."

ఆపా మగ్గం మీద నుంచి తల ఎత్తలేదు. "చెప్త గని, తీరుబాటుగ కూసొని చెప్పే టైం నాకేడిదమ్మా. నేను కుడుతుంటే పక్కపొంటి కూసోవాలె. సూది ఆగదు, నోరు ఆగదు." అప్పుడు తల ఎత్తి నన్ను చూసి నవ్వింది. "ఏం బచ్చీ, వస్తవా?"

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నా పేరు బచ్చీ, అంటే చిన్నపిల్ల.

ఆ గదిలో ఎప్పుడూ కిరసనాయిలు వాసన. బట్ట మీదికి బొమ్మ దించడానికి వాళ్ళు ఖాకా వాడేవాళ్ళు. కాగితం మీద తీగో పువ్వో గీసి, ఆ గీత వెంబడి సూదితో సన్నటి రంధ్రాలు పొడుస్తారు. ఆ కాగితమే ఖాకా. దాన్ని బట్ట మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన తెల్లపొడి గుడ్డతో రుద్దితే చుక్కలు చుక్కలుగా బొమ్మ కిందికి దిగుతుంది. ఆ పని ఆపా వాళ్ళ అమ్మది. ఆమె మా అందరికీ అమ్మీజాన్. అక్షరం ముక్క రాదు గానీ, ఆమె చేతిలో తీగ తనంతట తానే పాకేది. కాగితం అంటే ఆమెకు అంత ఆశ. పాత కేలండర్లు, పెళ్ళి పత్రికలు, బట్టల కొట్టు అట్టలు, ఏదీ పారేయనిచ్చేది కాదు. గట్టి కాగితమైతే ఎన్నిసార్లు రుద్దినా చిరగదని దాచిపెట్టేది.

నేను పోగానే అమ్మీజాన్ ఓ పళ్ళెంలో అన్నం, ఖట్టీ దాల్ పెట్టేది. మా గోంగూరను ఆమె అంబాడా అనేది. "మీ అంబాడాల కారం మస్తున్నది," అని కళ్ళు తుడుచుకుంటూనే ఇంకో ముద్ద కలుపుకునేది. నేను వాళ్ళ డబ్బాలోంచి మెరిసే చమ్కీ బిళ్ళలు దొంగిలించి, నుదుట బొట్టులా అంటించుకుని బడికి పోయేదాన్ని. ఒకనాడు కడుక్కోవడం మరిచి అట్లాగే ట్యూషన్‌కు పోయాను.

"ఈ చమ్కీ ఎవ్వరిది?" అంది ఆపా.

గబుక్కున నుదురు చేత్తో మూసుకున్నాను.

"భయమెందుకు, ఇంగ్లీషుల చెప్పు. రోజూ చేస్తవా గీ పని? అయితే ఐ స్టీల్. ఇయ్యాల ఒక్క దినమే చేసినవా? ఐ స్టోల్. చెప్పు, ఏది నీది?"

"ఐ స్టీల్," అన్నాను ఏడుస్తూ. ఆపా సూది పక్కన పెట్టి మరీ నవ్వింది. అమ్మీజాన్‌కు ఇంగ్లీషు రాకపోయినా ఆమె కూడా పొట్ట పట్టుకుని నవ్వింది.

టెన్సులన్నీ ఆ మగ్గం మీదే. ఒక పువ్వు చూపించేది. "గిది నిన్న కుట్టిన. అయిపోయింది, దాని ముచ్చట ఇంకెందుకు. ఐ స్టిచ్డ్. గిది చూడు, గిప్పుడే అయింది, దారం ఇంకా నా వేలికే ఉన్నది. ఐ హావ్ స్టిచ్డ్. పొద్దటిసంది కుడుతనే ఉన్న, మెడ పట్టేసింది. ఐ హావ్ బీన్ స్టిచ్చింగ్. మెడ నొస్తున్నదంటే హావ్ బీన్ అనుకో, పరీక్షల తప్పు పోవు." పోతా అని నోటితో అంటే విల్, బుర్ఖా వేసుకుని చెప్పుల్లో కాళ్ళు పెడితే గోయింగ్ టు. హాడ్ ఒక్కటే నిలబడలేదు, దాని తర్వాత జరిగిన సంగతి ఇంకొకటి చూపించాలె. బడిలో మా సారు నల్లబల్ల మీద రాసిన సూత్రాలన్నీ నా తలపై నుంచి పోయినవే. ఆపా పువ్వులు మాత్రం ఇప్పటికీ వరసగా కళ్ళ ముందున్నాయి.

అట్లా రెండు నెలలు. నాకు ఇంగ్లీషంటే భయం పోయింది. ఆపాకు కూడా ఏదో అయింది. చెప్పేటప్పుడు ఆమె ముఖంలో వెలుగు వేరే ఉండేది.

ఒకనాడు గొంతు తగ్గించి చెప్పింది. "మొఘల్‌పురాల కొత్తగ బడి పెట్టిన్రంట బచ్చీ. ఇంగ్లీషు టీచర్లు కావాల్నంట. దరఖాస్తు పెట్టిన. మీ ఇంటి పతా రాసిన. భాయ్‌జాన్‌కు దొరికితే లొల్లి. పిలుపొస్తే అప్పుడు చెప్త. చేతిల కాగితముంటే మాటకు బలముంటది."

భాయ్‌జాన్ ఆమె అన్న. మగ్గాలన్నీ ఆయనవే. చెడ్డవాడు కాదు, నాకు కూడా అప్పుడప్పుడు ఉస్మానియా బిస్కెట్లు తెచ్చేవాడు. కానీ బడి మాట ఒకసారి ఎత్తితే, "నువ్వు పోతే మగ్గం ఎవరు చూస్తరు? నీ చెయ్యి లాంటి చెయ్యి నాకేడ దొరుకుతది?" అన్నాడట. చెల్లెల్ని మెచ్చుకుంటున్నానే అనుకుని ఉంటాడు.

ఇక రోజూ నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అడిగేది. "హాస్ ఇట్ కమ్, బచ్చీ?"

మొదటిరోజు నేను, "ఇట్ డిడ్ నాట్ కమ్," అన్నాను.

"అట్లనకు," అంది. "డిడ్ నాట్ కమ్ అంటే తలుపు మూసేసినట్లు. నేనింకా చూస్తున్న గదా. ఇట్ హాస్ నాట్ కమ్. ఆశ ఉన్నన్ని దినాలు గట్లనే అనాలె."

ఉత్తరం ఒక మధ్యాహ్నం వచ్చింది. అమ్మ వీధి కుళాయి దగ్గర ఉంది, ఇంట్లో నేనొక్కదాన్నే. అది ఆపాదని తెలిసీ కవరు చింపాను. తొందరలో లోపలి కాగితం మూల కూడా ఊడిపోయింది. దళసరి తెల్ల కాగితం, ఒక వైపే టైపు కొట్టి ఉంది. వచ్చే గురువారం పది గంటలకు ఇంటర్వ్యూకు రమ్మని పిలుపు. మొదటి నుంచి చివరి దాకా నాకు అర్థమైన మొట్టమొదటి ఇంగ్లీషు ఉత్తరం అది. అర్థమయ్యేట్టు చేసింది ఆమే.

ఒక్క క్షణం ఎగిరి గంతేశాను. అబద్ధం కాదు, నిజంగానే సంతోషపడ్డాను. ఆ తర్వాత భయం పట్టుకుంది. ఆపాకు నౌకరి వస్తే పొద్దంతా బడి, వచ్చాక మగ్గం, ఇక నాకెక్కడ టైం? పరీక్షలింకా మూడు నెలలున్నాయి. పెద్దమ్మ బిడ్డ వేళ్ళు కళ్ళ ముందుకొచ్చాయి. ఉత్తరం నా లెక్కల నోటుబుక్కులో పెట్టేశాను. రేపు ఇద్దామనుకున్నాను.

"హాస్ ఇట్ కమ్, బచ్చీ?"

"ఇట్ హాస్ నాట్ కమ్."

"షాబాష్. ఇప్పుడు పక్కా చెప్పినవ్."

మరునాడూ అదే మాట, ఆ మరునాడూ అదే. ఒక్క తప్పు లేకుండా మూడు రోజులు అబద్ధం చెప్పాను. నాలుగోనాడు ఆపా మగ్గం కింది నుంచి కొత్త చెప్పుల జత తీసి చూపించింది. నల్లవి, సన్నటి పట్టీలు. "ఇంటర్వ్యూకని అమ్మీతోని తెప్పించిన. ఎట్లున్నయ్?" ఇక ఆ కాగితం నా దగ్గర ఉంచుకోలేకపోయాను. ఇవ్వనూ లేకపోయాను. ఆపా నీళ్ళు తాగడానికి లేచినప్పుడు, గోడవార ఉన్న అమ్మీజాన్ కాగితాల కట్ట అడుగున దూర్చేశాను. ఆమె ఇంట్లోకి చేర్చాను గదా, ఇచ్చినట్టే గదా, కనిపిస్తే తీసుకుంటుంది, కనిపించకపోతే నా తప్పు కాదు. ఇట్లా నాకు నేను చెప్పుకున్నాను. అప్పటికి గురువారం ఇంకా రెండు రోజులుంది.

గురువారం వచ్చింది, పోయింది. ఆపా ఆ రోజు కూడా పొద్దంతా కుడుతూనే ఉంది.

సోమవారం నేను పోయేసరికి మగ్గం మీద కొత్త ముఖమల్ బిగించి ఉంది. అమ్మీజాన్ ఒక ఖాకా తెచ్చి పరిచింది. "చూడు, మంచి కాగితం దొరికితే కొత్త బేల్ పొడిచిన," అంది తన ఉర్దూలో, మురిసిపోతూ. బేల్ అంటే తీగ. జంట ఆకులు, మొగ్గ, జంట ఆకులు, మొగ్గ, ఆ తర్వాత ఒంటి ఆకు. "మూలకు చినిగింది, ఒక ఆకుకు జాగా చాలలే. దాన్ని చేత్తోని వేసుకో."

ఆపా తెల్లపొడి రుద్దింది. బట్ట మీద చుక్కలు సరిగ్గా దిగాయో లేదో చూడ్డానికి కాగితం ఎత్తింది. అవతలి వైపు టైపు అక్షరాలు కనిపించాయి. ఆమె చెయ్యి అట్లాగే నిలిచిపోయింది. రంధ్రాల మధ్య నుంచి ఒక్కొక్క మాటే చదువుకుంటుంటే పెదవులు కదులుతున్నాయి. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను.

"క్యా హువా?" అంది అమ్మీజాన్. ఆపా చెప్పింది. ముసలావిడ ఆ కాగితం వైపు చూసింది. "హాయ్ అల్లా! నా చేతులతోనే పొడిచిన!" అని తల కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆపా ఆమె రెండు చేతులూ పట్టుకుంది. తల్లితో ఎప్పుడూ ఉర్దూలోనే మాట్లాడే మనిషి, ఆ ఒక్క మాట తెలుగులో అంది. "నీది గాదు అమ్మీ. లెటర్ లేట్‌గ వచ్చింది. ఎవ్వరి తప్పు లేదు."

మా ఇంటి చిరునామా రాసింది ఆమే. ఆ ఉత్తరం నా చేతుల మీదుగా తప్ప ఆ గదిలోకి రాలేదని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని నాకూ తెలుసు. ఆ తెలుగు మాట నాకోసమే. అప్పుడు నోరు తెరిచి ఉండాల్సింది నేను. తెరవలేదు.

మరునాడు భాయ్‌జాన్ సరుకు తేవడానికి పోయిన సమయం చూసి ఆపా బుర్ఖా వేసుకుంది, కొత్త చెప్పులు వేసుకుంది. "నాతోని వస్తవా బచ్చీ?" అంది. మొఘల్‌పురా దాకా నడిచిపోయాం. కొత్త చెప్పులు కరిచి మడమ దగ్గర నెత్తురు వచ్చింది, అయినా ఆగలేదు. బడి ఆఫీసులో ఉన్నాయన కాగితం పట్టుకుని, అందులోని రంధ్రాలు చూసి, ఆమె వైపు చూశాడు.

"గురువారమే అయిపోయిందమ్మా. వేరేటోళ్ళను తీసుకున్నరు. గీ కాగితానికేమైంది?"

"ఏం గాలేదు," అని ఆపా దాన్ని జాగ్రత్తగా మడిచి లోపల పెట్టుకుంది.

బయట హోటల్ దగ్గర ఆగి నాకు రెండు ఉస్మానియా బిస్కెట్లు కొనిచ్చింది. ఆకలిగా ఉంది, తిన్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. నేను తినేదాకా నిలబడి, ముసుగు సర్దుకుని అడిగింది. "పరీక్షలింక ఎన్ని దినాలున్నయ్?"

అదీ ఆమె అడిగింది. ఆ మూడు నెలలూ ఒక్క రోజు మానకుండా చెప్పింది. చెప్పడంలో ఏ తేడా రాలేదు, అవే పువ్వులు, అదే ఓపిక. నేను గుమ్మంలో చెప్పులు విప్పేటప్పుడు మాత్రం తల ఎత్తి ఏమీ అడిగేది కాదు. ఇంగ్లీషులో నాకు యాభై ఎనిమిది వచ్చాయి. మిఠాయి తీసుకుని పోతే అమ్మీజాన్ ముద్దు పెట్టుకుంది. ఆపా నా తల మీద చెయ్యి వేసి, "ఫికర్ జేయకు, మంచిగ సదువుకో," అంది. ఎండాకాలం సెలవుల్లోనే బాపుకు డిపో మారింది. మూసీ అవతలికి వచ్చేశాం.

మూసీ అవతల అంటే ఎంత దూరం? బస్సులో అరగంట. ఆ అరగంట దూరం నేను ఇన్నేళ్ళూ పోలేదు. ఉద్యోగం వచ్చినప్పుడు పోదామనుకున్నాను, ఏ ముఖం పెట్టుకుని చెప్పను, నీకు రావాల్సిన కుర్చీ నాకొచ్చిందనా? పెళ్ళికి పిలుద్దామనుకున్నాను. బాపు పోయినప్పుడు అనుకున్నాను. పిల్లలకు హాడ్ చెప్పేటప్పుడల్లా నల్లబల్ల మీద ఒకే వాక్యం రాసేదాన్ని. గురువారం గడిచిపోకముందే ఉత్తరం వచ్చి ఉండింది. ఎన్ని వందల మంది పిల్లలు దాన్ని నోటుబుక్కుల్లో ఎక్కించుకున్నారో. ఎవరి ఉత్తరం టీచర్ అని ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నేమో, తెలియదు.

నిన్న పోయాను. షేర్ ఆటో దిగి సందు పట్టుకుంటే కాళ్ళు వాటంతట అవే నడిచాయి. ఇంటి మీద ఇంకో రెండు అంతస్తులు లేచాయి గానీ కింది గది అదే, కిరసనాయిలు వాసన అదే. మగ్గం దగ్గర నలభై ఏళ్ళ ఆమె ఒకతె కుడుతోంది. భాయ్‌జాన్ కూతురట. ఆపా ఆమెకు ఫుప్పూ, అంటే మేనత్త. జాకెట్టు పని చూసి వచ్చానని చెప్పి, ఆపా గురించి అడిగాను.

"ఫుప్పూనా? పోయిన రంజాన్‌కు ముందు పోయింది," అంది. "ఆఖరుకు కండ్లు కనవడకపోతుండె. అయినా చేత్తోని తడిమి తప్పు జెప్తుండె."

ఆ తీగ ఖాకా ఒకసారి చూడొచ్చా అని అడిగాను. ఆమె ఇనప పెట్టె తెరిచి తెచ్చింది. చిరగకుండా వెనక పలచటి గుడ్డ అంటించి ఉంది. రుద్ది రుద్ది టైపు అక్షరాలు చాలావరకు పోయాయి. చినిగిన మూల మాత్రం నేను చింపినట్టే ఉంది.

"దీనికి మస్తు గిరాకీ. బచ్చీ కీ బేల్ అంటం," అంది ఆమె. "ఆ ఒక్క ఆకు కలిపేద్దామని నేను ఎన్నోసార్లు అన్న. ఫుప్పు ఇననే ఇనలే. బచ్చీ వచ్చి కలుపుతది అంటుండె. ఏది మరి, వస్తలేదేంది మీ బచ్చీ అని మేం నవ్వితే ఇంగ్లీషుల ఒకటే మాట. షీ హాస్ నాట్ కమ్."

కాగితం మీద నా కంటి నీటి చుక్క పడింది. ఆమె గబుక్కున దాన్ని అందుకుని నన్ను కూర్చోబెట్టింది, నీళ్ళిచ్చింది.

"ఏమైందమ్మా? మీకెరుకనా ఆ బచ్చీ?"

"నేనే," అన్నాను.

ఆమె నా ఎదురుగా కూర్చుని ముఖంలోకి చూసింది. "గిన్నేండ్లు ఏడ వోయిన్రు?" అంది. గొంతులో కోపం లేదు, అదే కష్టంగా ఉంది.

నాకొచ్చిన ఇంగ్లీషంతా పనికిరాలేదు. "లేట్‌గ వచ్చిన బిడ్డా," అన్నాను. "తప్పు నాదే."